పిన్నిగారికి నెల రోజుల నోటీసు

అక్కా,

ఈ ఇల్లు ఖాళీ చేస్తున్నాను. ఫోన్లో చెబితే ఎందుకని నువ్వు అడుగుతావు, నేను ఏడుస్తాను, ఇద్దరికీ పని చెడుతుంది. అందుకే రాస్తున్నాను.

మా ఓనరు పిన్నిగారి గురించి నీకెప్పుడూ పొడిపొడిగానే చెప్పాను. ఎక్కువ పొగిడితే దిష్టి తగులుతుందని నా భయం. ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి. రిటైరయ్యాక కూడా మెళ్ళో విజిల్ తీయలేదు. కుళాయిలో నీళ్ళు రాగానే మెట్ల కింద నిలబడి ఒక్క ఊదు ఊదుతుంది, పై వాటాలో ఉన్న నేను చేతిలో పని అక్కడే పడేసి బకెట్టు పట్టుకుని పరుగెత్తాలి. మెట్ల మీద ఇద్దరు ఎదురుపడితే "దిగేవాళ్ళకి దారివ్వండి" అని కింద నుంచే కేక. వీధి వీధంతా ఆవిణ్ణి రైట్ రైట్ పిన్ని అంటారు. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

మొగుణ్ణి వదిలేసి వచ్చిన దానికి, పైగా కుట్టుమెషీన్ మోత పెట్టేదానికి ఇల్లెవరిస్తారు? ఎక్కిన గడపల్లా దిగాను. ఈవిడ ఒక్కటే అడిగింది, "మెషీన్ ఎందాకా తొక్కుతావ్?" అని. "పొద్దుపోయేదాకా అండీ" అన్నాను, ఇదీ పోయిందనుకుంటూ. "మంచిదే, నాకూ కాస్త సందడిగా ఉంటుంది" అని తాళంచెవి చేతిలో పెట్టింది. తర్వాత పక్కింటాయన ఒంటరి ఆడదానికి ఇచ్చారేమిటని ఆరా తీశాడట. "నా బండెక్కినవాళ్ళని టిక్కెట్టు అడిగానుగానీ, ఎందుకు పోతున్నావని ఎవర్నీ అడగలేదు" అందట. ఆ మాట నా చెవిన పడిన రోజు గుడ్డ మీద కుట్టు కనపడలేదు నాకు. అంత గొప్ప మనిషిని నేను చూడలేదక్కా.

ఇప్పుడు అసలు సంగతి. ఆవిడ కూతురు కూడా నాలాగే కాపురం వదులుకుని వచ్చేస్తోంది. "వచ్చెయ్యవే, నీకు చోటు నేను చూస్తాగా" అని పిన్నిగారు ఫోన్లో అంటుంటే మెట్ల మీద విన్నాను. మర్నాడు నా టేపు అడిగి తీసుకుని, నా ముందుగదిలో కిటికీ పక్క గోడని అటూ ఇటూ కొలిచింది. దేనికి పిన్నిగారూ అంటే "ఊరికే" అంది. టేపు చేత పట్టినవాళ్ళు ఊరికే కొలవరని నాకు తెలీదా? కింద ఆవిడకి ఉన్నది ఒంటి గది. కూతురికి మంచం పడుతుందో లేదో చూసుకుంది పాపం. ఖాళీ చెయ్యమని నోరు తెరిచి అడగదు, చచ్చినా అడగదు. అడిగేదాకా కూర్చుంటే నేను మనిషినే కాదు. మళ్ళీ ఇల్లు దొరకడం ఎంత గగనమో నాకు తెలుసు. నా దగ్గర కుట్టించుకునే వాళ్ళందరికీ ఈ మెట్లే అలవాటు. అయినా వెళ్ళాలి. ఆవిడకి మాత్రం వేరే కారణం రాస్తున్నాను, తిట్టకు.

నీ చెల్లి

*

పిన్నిగారికి నమస్కారాలతో,

ఇల్లు వదిలేటప్పుడు నెల ముందు కాగితం మీద రాసివ్వాలని, నోటిమాట చెల్లదని మీరు మొదటిరోజే చెప్పారు. ఇది నా నోటీసు. వచ్చే నెలాఖరుకి పై వాటా ఖాళీ చేస్తాను. బజారు దగ్గర పెద్ద గది దొరికింది, నా పనికి వీలుగా ఉంటుంది. అంతకు మించి కారణమేమీ లేదు. గోడకి నేను కొట్టిన మేకులు పీకించి, రంగు వేయించి ఇస్తాను. వంటింటి కిటికీ గొళ్ళెం మీరు బిగించినదే కనుక, ఇల్లు కూలినా అది ఊడదు.

నోటీసులో ఇలాంటివి రాయకూడదేమో. మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను తలెత్తుకుని బతికాను. అది మీ చలవే.

ఇట్లు,
పై వాటా అమ్మాయి

*

ఒసే అమ్మాయీ,

నీ కాగితం అందింది. పైకొచ్చి చెవి మెలేద్దామనుకున్నాను గానీ, కాగితానికి కాగితమే మర్యాద. పైగా విజిల్ ఊదినా తలుపు తియ్యడం లేదాయె!

బజారు దగ్గర పెద్ద గదట! టిక్కెట్టు కొనకుండా ఎక్కి, "వెనకాల మావాళ్ళు తీసుకున్నారండీ" అనే మొహాలు చూసి చూసి నెరిసిన జుట్టిది. నీ అబద్ధాలు నా దగ్గరా? టేపు తిరిగిచ్చినప్పుడే నీ మొహం మాడిపోయింది. ఏదో పిచ్చి ఆలోచన చేస్తోంది అనుకున్నాను, చేశావు.

నేను గోడ కొలిచింది మంచానికి కాదు. అక్కడ రెండో మెషీన్ పడుతుందా అని. పడుతుంది, నీది కాస్త జరిపితే. మా అమ్మాయి పడుకోవడానికి నా గది చాలు. మెషీన్ కొని తెచ్చాక, దీనికి పని నేర్పవే అని నిన్ను అడుగుదామనుకున్నాను. ఉత్త చేతులతో అడగడం నాకు ఎన్నడూ అలవాటు లేదు. ముందే చెప్పకపోవడం నాదే పొరపాటు.

ఇంకో మాట. అది మొదట అసలు రానంది. "నీ మీద పడి తింటూ, వీధిలో వాళ్ళ నోళ్ళలో నానలేనమ్మా" అని ఇన్నాళ్ళూ ఆ నరకంలోనే పడి ఉంది. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. దిగిరాలేదు. పోయినసారి వచ్చినప్పుడు అది నిన్ను చూసింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, జాకెట్టు బిగుతైందని పోట్లాటకొచ్చిన పెద్దావిణ్ణి నువ్వు నవ్వించి పంపావే, ఆ రోజు. మొన్న ఫోన్ చేసి ఒకటే అడిగింది, "పైన ఆవిడ ఇంకా ఉందా అమ్మా?" అని. ఉందే అన్నాను. "అలా బతకొచ్చన్నమాట. అయితే వస్తున్నా" అంది.

తల్లినై ఉండి నేను చెప్పలేని మాట, నువ్వు ఊరికే కూర్చుని కుట్టుకుంటూ చెప్పావే దానికి.

రేపు పొద్దున్న బస్సుకి దిగుతోంది. నేను ఎదురెళ్తే నన్ను చూసి ఏడుస్తుంది. నువ్వు వెళ్ళు.

నీ పిన్ని