ఐదో పేజీలో టైలరు గారి తిట్లు

నాన్నా,

నేను కులాసా, ఉద్యోగమూ కులాసా. మా వారపత్రికలో నాటకాలకు, పాటలకు, బొమ్మలకు తలా ఒక పేజీ ఉంది. పాఠకుల ఉత్తరాలకు ఐదో పేజీ ఉంది గానీ రాసే నాథుడే లేడు. ఆ పేజీ నింపే పని ఎడిటరమ్మ నా నెత్తిన పెట్టింది. నాకొచ్చిన తిట్లన్నీ మీవే కదా! మీ పేరు రాయకుండా, మీలాగే "రిటైర్డు టైలరు" అని సంతకం పెట్టి, నా నాటక సమీక్షను నేనే తిట్టుకున్నాను: "కొలతలు తీయకుండా కత్తెర పెట్టే పిల్లకు కలమెవరిచ్చారు?"

నేను ఏకిపారేసిన నాటకాలవాళ్లు అది చదివి పొంగిపోయారు. "ఆ పిల్లకు గడ్డిపెట్టిన పెద్దాయనే మాకు ముఖ్య అతిథి" అని ఆఫీసుకొచ్చి కూర్చున్నారు. శనివారం సాయంత్రం నాటకం, మీరు రావాలి. వచ్చేటప్పుడు నా నీలం శాలువా తెండి. వంటింటి కుళాయి బాగుచేయించారా? అమ్మ మోకాలు ఎలా ఉంది?

నేను బ్యాంకు ఉద్యోగం మానేసినప్పటి నుంచి మీరు నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పోనీ, వచ్చి తిట్టండి. నా తిట్లు నేనే రాసుకోవాల్సి వస్తోంది.

అమ్మకు నమస్కారాలు.

మీ పెద్దమ్మాయి