నాకు చెప్పని పులుసు

ఫిలింనగర్,
ఆదివారం సాయంత్రం

అమ్మా,

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం, నాకు మాత్రం మతిపోయింది. ఫోన్ చేస్తే నవ్వేసి మాట దాటేస్తావు, అందుకే కార్డు రాస్తున్నాను.

నీ మనవడు నోయెల్ స్నేహితులతో ఉంటానని మోతీనగర్‌లో గదికి మారాడు కదా. ఏం తింటున్నాడో ఏమోనని ఇవాళ చర్చి నుంచి అటే క్యారియర్ పట్టుకుని వెళ్లాను. వాడు పొయ్యి మీంచి చేపల పులుసు దించుతున్నాడు! ఇంట్లో కాఫీ కూడా కలుపుకోని పిల్లాడమ్మా!

వాడితో ఉండే కరీంనగర్ కుర్రాడు, "కూసోండ్రి ఆంటీ, జర మావోని పులుసు తిని చూడుండ్రి" అని పళ్లెం పెట్టాడు. నోట్లో పెట్టుకుంటే అచ్చం నీ చేతి పులుసే. ఇన్నేళ్లు నేనెంత గింజుకున్నా రాని రుచి!

ఎవరు నేర్పార్రా అన్నాను.

"అమ్మమ్మే, ఫోన్లో. దించాక పచ్చి వెల్లుల్లి నలిపి వేసి మూత పెట్టాలట. నీకు చెప్పొద్దంది. నువ్వు నేర్చేసుకుంటే నరసాపురం రావడం మానేస్తావట."

నేనెప్పుడడిగినా "అందులో ఏముందే, చింతపండేగా" అన్నావు కదమ్మా!

మోకాళ్లకు నూనె రాసుకుంటున్నావా? తమ్ముడొస్తే ఎండురొయ్యలు పంపు. మీ అల్లుడుగారు వందనాలు చెప్పమన్నారు.

క్యారియర్ మూతైనా తియ్యకుండా ఇంటికి తెచ్చేసుకున్నాను. పులుసు కూడా వచ్చేశాక వాడింక నా దగ్గరికి దేనికొస్తాడు? వాడికి చెప్పని వంట నీ దగ్గర ఒక్కటైనా మిగిలుంటే, నాకొక్కదానికే చెప్పు.

నీ కూతురు,
రెజీనా