అరటిచెట్ల మరుగు

పంజాగుట్ట,
ఫిబ్రవరి 2000

ప్రియమైన ఇంజనీరు గారికి,

మీ ఓడ ఇప్పుడు ఏ సముద్రంలో ఉందో తెలియదు. ఈ ఉత్తరం డర్బన్‌లో మీ కంపెనీ ఏజెంటు చేతికి అందేలోపు నేనిక్కడ పెరడంతా తవ్వేసి ఉంటాను. కంగారు పడకండి, మతి పోలేదు. చదవండి.

ముందు అత్తయ్యగారి సంగతి. మీరు ఓడెక్కేనాటికి ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయిన చోటే ఉన్నాయి. మాట ఇంకా రాలేదు. ఏం కావాలన్నా ఎడమచేత్తో చూపిస్తారు, చూపించి సిగ్గుపడతారు. ఎడమచేత్తో మంచినీళ్ల గ్లాసు ఇచ్చినా నన్ను కోప్పడే మనిషి కదా!

శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చే ఫిజియోథెరపిస్టు వసుమతి గారు నిన్న నన్ను వరండాలోకి పిలిచి చెప్పారు. మంచం మీద చేయించే వ్యాయామం చాలదట. ఛాతీలోతు నీళ్లలో నిలబెడితే ఒంటి బరువు తేలికై కాలు నేలకి ఆనుతుందట. వానలు మొదలయ్యేలోపు కాలిని కదిలించకపోతే అది బిగుసుకుపోతుంది, ఇక మంచమే అన్నారు. క్లబ్బులో కనుక్కున్నాను. ఇనుప నిచ్చెన దిగాలి, ఈత డ్రస్సు వేసుకోవాలి అన్నారు. ఆ డ్రస్సు వేసుకోమని అత్తయ్యగారికి చెప్పే ధైర్యం నాకు లేదు, మీకుందా?

మరి మనింట్లోనే ఉంది కదా, మనందరం తొట్టి అని పిలుచుకునే మావయ్యగారి స్విమ్మింగ్ పూల్! ఆయన పోయాక ఎండబెట్టేశాం. ముందుభాగంలో అద్దెకున్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు విరిగిన కీబోర్డులు, మానిటర్ల అట్టపెట్టెలు అందులో పడేస్తున్నారు. సాయంత్రం బ్యాచ్‌కి వాళ్ల దగ్గరే పాఠం చెబుతున్నాను కాబట్టి గట్టిగా అడిగి అన్నీ తీయించాను. మెట్లు, పలకలు బాగానే ఉన్నాయి. గొట్టాలే పోయాయి. ఒకటి కోసి చూస్తే లోపలంతా తుప్పు, పెన్సిల్ దూరేంత సందు మిగిలింది.

ప్లంబర్ కోసం బల్కంపేట రోడ్డులో హార్డ్‌వేర్ షాపు మహిపాల్‌ని అడిగాను. "మాదాపూర్ల అంతంత బిల్డింగులు లేస్తుంటే గీ ఇంటెన్క పూల్‌కు ఎవడొస్తడక్కా? పైపులు నేనిస్త, రెంచి నేనిస్త. జర ఓపిక పట్టి మీరే చేసుకోండ్రి" అన్నాడు. సరే, నేనే చేస్తున్నాను. పాత ఇనప గొట్టాలు తీసేసి, లావుపాటి ప్లాస్టిక్ గొట్టాలు వేస్తాను. వెనకగోడ దగ్గర అరటిచెట్లు అడ్డొస్తున్నాయి, కొట్టించేద్దామనుకుంటున్నాను. ఏ గొట్టం ఎటు పోతుందో మీకు గుర్తున్నంతవరకు బొమ్మ గీసి పంపండి.

వేళకి తినండి. ఇంజన్ గదిలో చెవులకి దూది పెట్టుకోవడం మరిచిపోకండి.

మీ
భాను

*

డర్బన్ రేవు,
మార్చి 2000

ప్రియమైన భానూ,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత తలపట్టుకున్నాను. పద్నాలుగేళ్ల కాపురంలో కుళాయి వాషర్ మార్చమంటే "అది మీ డిపార్ట్‌మెంటు" అన్నదానివి!

వద్దన్నా మానవు కాబట్టి బొమ్మ గీశాను, వెనక కాగితంలో చూడు. తొట్టి అడుగు నుంచి ఒక గొట్టం, పైన చెత్త లాగే నోటి నుంచి ఇంకొకటి వచ్చి మోటారులో కలుస్తాయి. మోటారు నుంచి ఇసుక ఫిల్టరు, అక్కడి నుంచి నీళ్లు మళ్లీ తొట్టిలోకి. ఒంపులు ఎంత తగ్గిస్తే అంత మంచిది, ప్రతి ఒంపు దగ్గరా మోటారు ఆయాసపడుతుంది. కోసిన అంచుని గీకి నున్నగా చెయ్యి. తడి మీద సొల్యూషన్ పూయకు. అతికించేటప్పుడు గొట్టాన్ని కాస్త తిప్పి, కాసేపు అలాగే పట్టుకో. మర్నాటిదాకా నీళ్లు వదలకు.

ఇక అసలు సంగతి. అమ్మకి నీళ్లంటే భయం. నాన్న ఆ తొట్టి కట్టించింది నాకోసం. అమ్మ ఒక్కసారైనా అందులో దిగగా నేను చూడలేదు. నేను ఈత కొడుతుంటే తువ్వాలు పట్టుకుని గట్టుమీద నిలబడేది, అంతే. నేను నిద్రలేచేసరికి తలస్నానం చేసి, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని తులసికోట దగ్గర దీపం పెడుతూ ఉండేది. నీళ్లతో అమ్మ చుట్టరికం అంతవరకే. నాన్నకి ఆ గొడవ లేదు. ఆయన పూజగది గడప కూడా తొక్కలేదు. గట్టున కాఫీ తాగుతూ అమ్మని ఆటపట్టించేవాడు.

అలాంటి మనిషిని, అందులోనూ ఒక పక్క స్వాధీనంలో లేని మనిషిని, ఈత రాని నువ్వు నీళ్లలో దింపుతావా? జారితే ఎవరు ఎవర్ని పట్టుకుంటారు? నేను జులై చివర దిగుతాను. అప్పటిదాకా అమ్మని దింపనని నాకు మాటివ్వు. తొట్టి బాగు చేసుకో, కాదనను.

నీ చేతులు జాగ్రత్త.

నీ
రవి

*

పంజాగుట్ట,
ఏప్రిల్ 2000

ప్రియమైన మీకు,

మాట ఇస్తున్నాను. నేను దింపను. కానీ జులై చివరికి వానలు వచ్చేసి ఉంటాయి, వసుమతి గారు చెప్పిన గడువు దాటిపోతుంది. మీకు చెప్పడం నా బాధ్యత, చెప్పాను. కోపం కూడా వచ్చింది, అదీ చెబుతున్నాను.

పని మాత్రం ఆపలేదు. అత్తయ్యగారిని చూసుకోవడానికి బోరబండ నుంచి వచ్చే మంగవ్వ, నేను కలిసి కందకం తవ్వాం. తొలిరోజు గొప్పగా మోటారు దగ్గర గొట్టం అతికించాను. తీరా చూస్తే, ముందుగా తొడగాల్సిన నట్టు నా ఒళ్లోనే ఉంది! అది తొడగకుండానే అతికించేశాను, ఇక కోసెయ్యడం తప్ప దారి లేదు. మర్నాడు మళ్లీ అదే చేశాను. మహిపాల్ షాపుకి మూడోసారి వెళ్తే అడగకుండానే నట్టు చేతిలో పెట్టి, "ముందుగాల గిది, తర్వాత గది. యాదుంచుకో అక్కా" అన్నాడు. పిల్లలకి లాజిక్ నేర్పేది నేను!

మోటారు వేసిన రోజు మొదట గాలి బుడగలు, తర్వాత గుప్పుమని నీళ్లు. మంగవ్వ చప్పట్లు కొట్టింది. అత్తయ్యగారిని చక్రాల కుర్చీలో గట్టుమీదికి తెచ్చాం. నీళ్లు చూసి ఆవిడ మొహంలో ఏదో మెరిసింది. భయం మాత్రం కాదు, మీరేమైనా అనుకోండి.

ఆ సంతోషం నాలుగు రోజులే. నీళ్లు తగ్గిపోతున్నాయి. పలక మీద పెన్సిల్‌తో గీత పెట్టాను, తెల్లారేసరికి నీళ్లు గీత కిందికి జారిపోతున్నాయి. ఒక్కొక్క గొట్టానికీ మూతలు బిగించి, నీళ్లు నింపి చూశాను. నేను వేసినవన్నీ గట్టిగా ఉన్నాయి. తొట్టి అడుగున సిమెంటు కింద ఉన్న పాత గొట్టాన్ని నేను ముట్టుకోలేదు. పోతున్నది అక్కడే. ఎండలకి బోరు కూడా నీరసించింది. ఇలా కారిపోతుంటే ఇంక నింపలేను.

ఈమధ్య అత్తయ్యగారికి ఒక కొత్త ధ్యాస పట్టుకుంది. నన్ను చూస్తే చాలు, అరటిచెట్ల వైపు చెయ్యి చూపిస్తారు. "పెద్దమ్మకు అరటికాయ కూర తినబుద్ధైతున్నట్టుంది అక్కా" అంది మంగవ్వ. వండాను. మొహం తిప్పుకున్నారు. వేపుడు చేశాను. బజ్జీ వేశాను. అరటిపువ్వు కూర కూడా చేద్దామని మంగవ్వ పట్టుబడితే, దొప్పలు వలిచి వలిచి నా వేళ్లన్నీ నల్లబడ్డాయి. అది పెడితే అత్తయ్యగారు కంచం తోసేసి ఏడ్చారు. ఆ చెట్లని కొట్టించేస్తానేమోనని బెంగ కాబోలని, కొట్టించనని ఒట్టేశాను. అయినా చెయ్యి దించరు.

మీకేమైనా తోస్తే రాయండి. నాకు ఏడుపొస్తోంది, ఎవరికీ కనిపించకుండా మోటారు గదిలో ఏడుస్తున్నాను.

మీ
భాను

*

శాంటోస్ రేవు,
మే 2000

ప్రియమైన భానూ,

ఆపెయ్. నువ్వు చేసినదానికి నా ఇంజన్ గదిలో వాళ్లు కూడా మెచ్చుకున్నారు, నట్టు సంగతి తప్ప. కానీ అడుగు గొట్టం పోతే చేసేదేం లేదు. దానికి బిరడా కొట్టేస్తే అడుగున నీళ్లు కదలక పాచి పడుతుంది, అమ్మ కాలు జారుతుంది. నేల పగలగొట్టడం నీ వల్ల అయ్యే పని కాదు.

ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పెరట్లో షెడ్డు వేసుకుంటామని ఎప్పటి నుంచో అడుగుతున్నారుగా. పూడ్చి ఇచ్చేద్దాం. నాన్న ఏమీ అనుకోడు.

అమ్మ నడవాలని నాకు లేదా భానూ? ఇక్కడ ప్రతి రేవులో కర్ర ఊతంతో నడిచే ముసలమ్మ కనిపిస్తే నిలబడి చూస్తాను. కానీ అంత దూరంలో మీ ఇద్దరికీ ఏమైనా అయితే, నేను ఓడ ఆపి రాలేను కదా. ఆ భయంతో నాకు నిద్ర పట్టడం లేదు. నా మాట విను.

నీ
రవి

*

పంజాగుట్ట,
జులై 2000

ప్రియమైన రవీ,

ఇన్నాళ్లూ రాయనందుకు తిట్టుకునే ఉంటారు. తిట్టింది చాలు, కూర్చుని చదవండి. అందరం క్షేమం. నా మాట నేను తప్పలేదు. అత్తయ్యగారిని నేను దింపలేదు.

మీ ఉత్తరం అందిన రోజే తొట్టి పూడ్చడానికి ఒప్పేసుకుందామని ఇన్‌స్టిట్యూట్ వైపు బయలుదేరాను. అత్తయ్యగారు నా కొంగు పట్టుకున్నారు. ఎడమచేత్తోనే, కానీ ఎంత పట్టు! మళ్లీ అరటిచెట్ల వైపే చూపించారు. విసుగొచ్చి కుర్చీని అక్కడిదాకా తోసుకెళ్లి, "ఏ గెల కావాలో చూపించండి" అన్నాను. ఆవిడ గెల వైపు చూడనే లేదు. మంచి కాలితో నేలని తన్నారు. మట్టి తడిగా ఉంది.

పెరడంతా నెర్రెలు విచ్చిన ఆ ఎండల్లో అరటి మొదళ్లు మాత్రం బురదలో ఉన్నాయి! రెండు నెలలుగా ఆవిడ చూపిస్తున్నది కాయల్ని కాదు, నేలని. నేనేమో కూరలు వండిపెట్టాను.

తవ్వితే, పిలకల వేళ్ల మధ్య కారుతున్న ఇత్తడి కుళాయి. తొట్టి అడుగు గొట్టానికి మావయ్యగారు పెట్టించిన పాయ అది. నీళ్లు మార్చినప్పుడల్లా పాత నీళ్లు అరటిచెట్లకి పోవడానికి. స్నానాల నీళ్లు కూడా అరటిబోదెకి పెట్టే మీ కోనసీమ వాళ్లు అంత నీటిని కాలవపాలు చేస్తారా? నాకు తట్టాల్సింది. మీరప్పుడు కాకినాడ హాస్టల్లో ఉన్నట్టున్నారు, మీ బొమ్మలో అది లేదు. కుళాయి తీసేసి మూత బిగించాను. బోరు ఇచ్చినంత కొద్దికొద్దిగా మళ్లీ నింపి, గీత పెట్టాను. మర్నాడు నీళ్లు గీత మీదే ఉన్నాయి. ఆ గీత చూసి అత్తయ్యగారి పాదాలకి దండం పెట్టాను.

నిన్న బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర నుంచి డప్పుల చప్పుడు వినిపించింది. మబ్బు పట్టింది కానీ వాన పడలేదు. కాళ్లు తడుపుకుంటారేమోనని అత్తయ్యగారిని మంగవ్వ, నేను పట్టుకుని పైమెట్టు మీద కూర్చోబెట్టాం. తువ్వాలు తేవడానికి మంగవ్వ లోపలికి వెళ్లింది. ఆవిడ నా భుజం మీద చెయ్యి తీసేసి, ఒక్కో మెట్టూ జరుగుతూ కిందికి దిగిపోయారు. "అత్తయ్యగారూ!" అని అరిచేలోపే మంచి కాలితో మెట్టుని తన్ని వెనక్కి వాలారు. మునిగిపోయారనుకున్నాను.

చీరతోనే దూకేశాను. లోతు నా ఛాతీ వరకే అని నాకు తెలుసు, కొలిచింది నేనే. అయినా కాలు జారింది, నీళ్లు మింగాను, లోకం ఆకుపచ్చగా అయిపోయింది. అప్పుడు నా మెడ కింద ఒక చెయ్యి వచ్చింది. నన్ను పైకి లేపింది. చూస్తే ఆవిడ వెల్లకిలా హాయిగా తేలుతూ, ఎడమచేత్తో నన్ను పట్టుకుని ఉన్నారు. "కాళ్లు... ఆడించు" అన్నారు.

రవీ, ఎనిమిది నెలల తర్వాత మీ అమ్మగారి నోట వచ్చిన మొదటి మాట అది. కాళ్లు ఆడించు. నేను ఆడించాను. ఏడుస్తూ ఆడించాను. గట్టు మీద మంగవ్వ, "అయ్యో ఎల్లమ్మ తల్లీ, ఇద్దరు బోయిండ్రు!" అని శోకాలు పెడుతోంది.

కాస్త ఊపిరి తీసుకుని, "ఈత ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాను. "కాలవ" అన్నారు. తర్వాత మెట్ల పక్కనున్న చేతి కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. కుడి పాదం నేలకి ఆనింది, నేను మునిగి చూశాను. ఇవాళ వసుమతి గారు వచ్చి నీళ్లలో రెండడుగులు వేయించారు. ఇంకా ఆలస్యం కాలేదన్నారు.

ఒక్క సంగతి. నీళ్లలో ఆవిడ పక్కన వెల్లకిలా పడుకుని చూస్తే, మన చుట్టూ లేచిన ఇన్ని అంతస్తుల్లోంచి ఒక్క కిటికీ కూడా కనిపించలేదు. అన్నీ అరటాకులే. గట్టు మీద నుంచి చూస్తే ఇది తెలియదు. ఆ చెట్లని అక్కడ ఎందుకు పెట్టారని అడిగాను. ఆవిడ నవ్వారు, ఒక పక్కకే వచ్చే ఆ కొత్త నవ్వు. మీకేమైనా తెలుసా?

మీ
భాను

*

సింగపూర్,
జులై 2000

ప్రియమైన భానూ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. మా చీఫ్ ఇంజనీరు వచ్చి, ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాడు. కాదు సార్, మా అమ్మ ఈత కొట్టింది అన్నాను. అతనికి అర్థం కాలేదు.

నాకూ ఇవాళే అర్థమైంది. నేను నిద్రలేచేసరికి అమ్మ జుట్టు తడిగా ఉండేదని రాశాను కదా. రోజూ తలస్నానమే అనుకున్నాను, ఎంత భక్తో అనుకున్నాను. కాఫీ గ్లాసుతో గట్టున కూర్చున్న నాన్న తల కూడా తడిగానే ఉండేది భానూ. పూజగది గడప తొక్కని మనిషికి తెల్లారకుండా తలస్నానం ఎందుకో నేను ఒక్కనాడూ ఆలోచించలేదు.

తొట్టి నాకోసం కట్టించారనే ఇన్నాళ్లూ గర్వపడ్డాను. అమ్మకోసం కట్టించి, ఎవరి కంటా పడకుండా అరటిచెట్లు పెట్టి, వాటికి ఆ నీళ్లే పెట్టాడు నాన్న. చుట్టూ అంత మరుగు కట్టుకుని, కొడుకు నిద్రలేవకముందే ఇద్దరూ కాలవలో పిల్లల్లా ఈదుకున్నారన్నమాట.

పూడ్చెయ్యమన్నది నేనేనని అమ్మకి చెప్పకు. తెలిసే ఉంటుందిలే.

ఇరవై తొమ్మిదిన హైదరాబాద్‌లో దిగుతున్నాను. నీకు ఈత నేర్పుదామనుకున్నాను కానీ నాకంటే మంచి గురువు దొరికింది. పొద్దున్నే దిగండి ఇద్దరూ. నేను వచ్చాక కూడా నన్ను నిద్రలేపకండి. లేచేసరికి మీ ఇద్దరి జుట్టూ తడిగా ఉండాలి, నేను కాఫీ పెడతాను.

శ్రావణమాసం వస్తోంది, వ్రతాలకని వీధిలో అందరూ అరటాకులకి మనింటికే వస్తారు. ఈసారి ఒక్క ఆకు కూడా కోయనివ్వకు.

నీ
రవి