బుడ్డిదాని ఊపిరి

అమ్మాయికి మీ అమ్మ దీవెనలు. మేమిద్దరం కులాసా. ముందు ఆ మాట చదివి గుండె కుదుటపరుచుకో.

కొండ చలికి మన బుడ్డిదానికి ఉబ్బసం తిరగబెడుతుంది, కచేరీలూ వద్దు ఏమీ వద్దు, తీసుకొచ్చెయ్యమని రాశావు. నాకూ అదే భయం. నిన్న ఇక్కడి బడి గదిలో మొదటి కచేరీ. ఊరంతా కలిపి అరవై మంది, మైకు లేదు. నీ కూతురూ, దాంతో వాయించే ఇంకో ముగ్గురూ ఎదురెదురుగా కూచున్నారు. తాళం వేసేవాళ్ళయినా లేరు. ఇంతలో మన బుడ్డిది వయొలిన్ ఎత్తి గట్టిగా ఊపిరి పీల్చింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. పీల్చే మందు పట్టుకుని ముందు వరసలోంచి పరిగెత్తాను.

"అమ్మమ్మా, కూచో! నాకేం కాలేదు" అంది. జనం ఒకటే నవ్వు. కాళ్ళ మధ్య పెద్ద వయొలిన్ పెట్టుకున్నాయన, "మామ్మగారూ, ఆ అమ్మాయి ఊపిరి పీలిస్తేనే మేం ముగ్గురం మొదలెట్టేది. మీరు మందు పట్టించేస్తే మా పని గోవిందా" అన్నాడు. సిగ్గుతో చచ్చి వచ్చి కూచున్నాను. అది మళ్ళీ పీల్చింది. నలుగురి చేతులూ ఒక్కసారే కదిలాయి. గంటసేపు దాని ఊపిరే విన్నాను, ఒక్క పిల్లికూత లేదు.

కచేరీలు ఇంకా నాలుగు రోజులున్నాయి. నిన్ను అడగడానికి దానికి భయం. ఉండనీ తల్లీ.

ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పంపు. కిటికీ వేశావా? నా కుట్టుమిషను తడుస్తుంది. అల్లుడుగారి పన్ను నొప్పి తగ్గిందా? అడిగానని చెప్పు. నీ వంతు భయం కూడా నేనే పడతాను, నువ్వు సరేనని ఒక్క ముక్క రాయి.

మీ అమ్మ