మంచిగున్న అన్నందుకు

1994 ఆగస్టు, శుక్రవారం

పొద్దున దీపం పెట్టి వచ్చేసరికి తమ్ముడు రాములు చొక్కా గుండీలతో తంటాలు పడుతున్నాడు. బొల్లారం కంపెనీ మిషన్‌లో నలిగిన కుడిచేయి. గుండీలు నేనే పెట్టాను.

మధ్యాహ్నం పింఛను అర్జీకి జవాబుగా కాగితం వచ్చింది. మనిషి బాగానే ఉన్నాడట, పింఛను రాదట. పరీక్షకు పోయిన రోజు మెడికల్ బోర్డులో డాక్టరు "ఎట్లున్నవ్?" అంటే వీడు "మంచిగున్న సార్, మీ దయ" అన్నాడు!

"పెద్దోళ్లు అడిగితే గట్లనే అంటరు గదక్కా."

"అంటరు. చెయ్యి సూడకుంట నోటిమాట రాసుకునుడేంది?"

మరదలు భయపడింది. "సర్కారోళ్లతోని లొల్లి మనకెందుకొదినె?"

దేవుడి ముందు కూర్చున్నాను. కోపం పోలేదు. పోగొట్టమని అడగనూ లేదు.

సాయంత్రం అందరం కూర్చుని తేల్చుకున్నాం. అప్పీలు వేస్తాం. వాడు నమస్కారం పెట్టి ఊరుకుంటాడు. మాట్లాడేది నేను.