వాచీకి తెలియని ఉపవాసం

అక్టోబరు 27, సోమవారం
కోచ్ సార్ ఈ రోజు కయాక్ పడవల జట్టులో అందరికీ వాచీలు కట్టారు. పడుకున్నా తీయకూడదట. గుండె ఎలా కొట్టుకుంది, ఎంత నిద్రపోయాం, ఒళ్ళు ఎంత తేరుకుంది — అన్నీ ఆయన ఫోన్లో పడతాయి. "రాష్ట్రం క్యాంపుకి ఎవరెళ్ళాలో ఇక నేను చెప్పను, ఇదే చెప్తుంది." సరే. తెడ్డు వేసేది నేను, చెప్పేది ఇది.

మొదటి కార్తీక సోమవారం. నేను క్యాంపుకి ఎంపికవ్వాలని అమ్మ మొక్కుకుంది — నెలంతా తెల్లారకుండానే గోదావరి స్నానం, సోమవారాలు ఉపవాసం. మొక్కు అమ్మది, స్నానం, ఉపవాసం ఇద్దరివీ. "చుక్క కనపడేదాకా ఏం ముట్టకే." ముట్టలేదు. సాయంత్రం ప్రాక్టీసుకీ అలాగే వెళ్ళాను.

అక్టోబరు 28
సార్ ఫోన్లో నా పేరు ఎర్రగా ఉంది, ఒళ్ళు తేరుకోలేదని. "రాత్రి నిద్రపోలేదేంటమ్మా?" పడుకున్నానండి అన్నాను. ఉపవాసం సంగతి చెప్పలేదు. చెబితే అమ్మకి ఫోన్ చేసి చీవాట్లు పెడతారు. అమ్మ తల వంచుకుని వింటుంది. అది నేను చూడలేను.

నవంబరు 3, సోమవారం
నడి గోదావరిలో కళ్ళు తిరిగాయి. తెడ్డు పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఎవరూ చూడలేదు — వాచీ తప్ప.

నవంబరు 4
మళ్ళీ ఎరుపు. సునీత ఆకుపచ్చ. జట్టులో ఏనాడూ నన్ను దాటని సునీత. తినడం, పడుకోవడం — దాని సాధన అంతే. దాన్ని తిట్టుకుని ఏం లాభం... మంచిదే పాపం.

నవంబరు 10, సోమవారం
ఆకలి. రాయడానికి ఓపిక లేదు.

నవంబరు 13
పోటీ పెట్టారు. సునీత మీద పడవంత దూరంతో గెలిచాను. ఒడ్డుకొస్తే సార్ ఫోన్ చూసుకుంటున్నారు. "ఇవాళ గెలిచావమ్మా. క్యాంపులో రెండు పూటలా పిండేస్తారు. నీ ఒళ్ళు ఆగదు." అప్పుడు చెప్పాను... ఉపవాసం, స్నానం, అన్నీ. ఆయన మళ్ళీ ఫోన్ వైపే చూశారు. "ఇప్పుడు చెప్తే సాకులా ఉంటుంది. పైవాళ్ళకి చూపించేది ఈ రంగులే. మంగళవారం పొద్దున్న పేరు పంపాలి. అప్పటికి మారితే నువ్వు, లేకపోతే సునీత."

మధ్యలో సోమవారం ఉంది. ఆఖరి సోమవారం.

నవంబరు 16
నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన కూర్చుని చెప్పేశాను. "తినెయ్. శివయ్యకి నేను చెప్పుకుంటాలే." వల ముడి బిగించి — "మీ అమ్మకి మాత్రం చెప్పకు. తన మొక్కే నీకు అడ్డొచ్చిందని తెలిస్తే తట్టుకోలేదు."

నవంబరు 17, సోమవారం
స్టేషను దగ్గర హోటల్లో పెసరట్టు తిన్నాను, ఉప్మాతో సహా. సిగ్గు లేకుండా ఇంకో ప్లేటు ఇడ్లీ.

సాయంత్రం ఇంటికొస్తే అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది, పెదాలు ఎండిపోయి. "నీరసపడిపోతున్నావు కదే, నీ వంతు కూడా నేనే ఉంటున్నా. మంచినీళ్ళూ ముట్టలేదు. నువ్వు తిను." ఆకాశమంతా మబ్బు. ఒక్క చుక్క లేదు. లోపలికి రమ్మంటే రాదు.

నవంబరు 18
కడుపు నిండా తిన్నాను. ఇక ఒక్క కునుకు పడితే చాలనుకున్నాను. గుమ్మంలో అమ్మ అలాగే ఉంటే అదే పడలేదు. ఎరుపే వచ్చుంటుంది. ఛీ, నా బతుకు.

ఫోన్ మోగింది. వంటింట్లో ఉంది, అమ్మ ఎత్తింది. "నమస్కారమండి సార్... ఉపవాసమాండి? అందుకే సునీత పేరు పంపారాండి?" సార్ పెట్టేశారు. ఫోన్ ఇంకా అమ్మ చెవి దగ్గరే ఉంది.