రన్‌వే మీద మధ్యాహ్నం దొర

ఏప్రిల్ 16, బుధవారం

అమ్మ ఉద్దేశంలో నాకు గాలి సోకింది. నాన్న ఉద్దేశంలో ఎవరినో ప్రేమించాను. బెజవాడలో ఉన్న పద్మశ్రీ అక్క ఫోన్‌లోనే డిప్రెషన్ అని తేల్చేసింది. ఎం.ఎస్సీ ఫిజిక్స్ చదివి పది నెలలుగా ఇంట్లో కూర్చున్న మనిషికి ఉత్త బోర్ కొట్టొచ్చని ఈ ఇంట్లో ఎవరికీ తట్టదు.

నేను చేసిన నేరమల్లా మిట్టమధ్యాహ్నం రన్‌వే మీద నిలబడటం. యుద్ధం రోజుల్లో ఇంగ్లీషువాళ్లు మా ఊరి చివర వేసిన కాంక్రీటు అది. విమానాలు పోయాయి. ఇప్పుడు దాని మీద నాన్న దాళ్వా పంట ధాన్యం ఆరబెట్టిస్తారు. విమానాలు కట్టేయడానికి పాతిన ఇనుప రింగులకి గేదెల్ని కడతారు. పన్నెండు నుంచి రెండు దాకా మాత్రం అక్కడ ఎవరూ ఉండరు. ఆ టైములో దొర తిరుగుతాడట. అక్కడే విమానం కూలి చచ్చిపోయిన పైలట్.

అమ్మ నా చేతికి తాయెత్తు కట్టింది. ఒకటే దురద.

ఏప్రిల్ 17, గురువారం

దొర మీద నోట్స్ మొదలుపెట్టాను. ఆటో ఎలీషా చెప్పడం, దొరకి తల లేదట, సిగరెట్టు మాత్రం కాలుస్తాడట. అదెలాగ అని అడిగితే, సైన్సు చదివింది మీరు కదండీ, మీరే చెప్పాలి అన్నాడు. పాల కేంద్రం హేమసుందర్ గారి దొరకి తల ఉంది, కాళ్లు లేవు. అయినా బూట్ల చప్పుడు వినబడుతుందట.

ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మాట. ఆదివారం రాడు.

ఏప్రిల్ 20, ఆదివారం, మధ్యాహ్నం 2.10

రెండు గంటలు నిలబడ్డాను. రాలేదు.

ఆదివారం సెలవు తీసుకునే దయ్యం ఏమిటి? ఆ రన్‌వే మీద ఆదివారం సెలవు తీసుకునేది ఇంకో గుంపే. ధాన్యం తిరగేసే తెరేసమ్మ, ఆవిడ వెంట వచ్చే పదిమంది ఆడవాళ్లు. ఆరోజు వాళ్లకి చర్చి.

ఏప్రిల్ 22, మంగళవారం

పన్నెండింటికి రన్‌వే పక్కన రేకుల షెడ్డు కింద తెరేసమ్మ పక్కన కూర్చుని ఆవిడ క్యారేజీలో మామిడికాయ పప్పు తిన్నాను. దొరకి ఆదివారం సెలవెందుకని అడిగాను. పొలమారేదాకా నవ్వింది. ఇన్నాళ్లకి ఒక్క చదువుకున్న పిల్లకి అనుమానం వచ్చిందే, అంది.

వాళ్లమ్మ పేరమ్మ ఈ రన్‌వేకి కంకర మోసిందట. అప్పట్లో మధ్యాహ్నం కూడా పనే. ఒకరోజు ఎండకి ఒకావిడ గంపతో సహా కూలిపోయింది. నీడకి తీసుకెళ్తామంటే సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. అంతకు వారం ముందే, సగం వేసిన రన్‌వే మీద దిగబోయి విమానం కూలి పైలట్ పోయాడు. పేరమ్మ గంప కింద పారేసి, అదిగో దొర, అదిగో దొర అని కేక పెట్టిందట. మూడొందల మంది ఆడవాళ్లు గంపలొదిలేసి ఒకటే పరుగు. మర్నాడు పన్నెండింటికి మళ్లీ దొర. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు ఆర్డర్ వచ్చేసింది, పన్నెండు నుంచి రెండు దాకా పని బంద్ అని.

మా ఎండకి జాలిపడలేదు గానీ చచ్చినోడికి భయపడ్డారు పాపా, అంది తెరేసమ్మ. మా అమ్మ నిజంగా చూసిందో లేదో నేనెప్పుడూ అడగలేదు, నువ్వూ అడక్కు, అంది.

ఇన్ని పుస్తకాలు చదివాను. కష్టపడి సెలవు సంపాదించిపెట్టిన దయ్యాన్ని ఎక్కడా చూడలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

మంగళవారం వానట. అందుకని సోమవారం నుంచి మధ్యాహ్నం కూడా ధాన్యం తిరగేయాలని నాన్న ఆర్డర్. దయ్యం గియ్యం లేదని నువ్వే చెప్పమ్మా, ఎం.ఎస్సీ చదివావు, నీ మాటైతే వింటారు అన్నారు. నా డిగ్రీకి ఈ ఇంట్లో దొరికిన మొదటి ఉద్యోగం.

నలభై మూడు డిగ్రీలు నాన్నా, అన్నాను. వాళ్లకి అలవాటేలే అన్నారు. సాయంత్రం ఇంకో రెండు గంటలు చేస్తారు అన్నాను. పొద్దు వాలాక ఏం ఆరుతుంది అన్నారు. ఆ తర్వాత పెరుగన్నం తిని ఏసీ వేసుకుని పడుకున్నారు.

అన్నట్టు, పన్నెండు దాటితే నాన్న స్కూటర్ రన్‌వే ఎక్కదు. కాలవ గట్టు మీదుగా చుట్టూ తిరిగి వస్తుంది. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

ఏప్రిల్ 26, శనివారం

తెరేసమ్మ గుంపులో సుధామణి పదకొండున్నరకే కళ్లు తిరిగి ధాన్యంలో కూర్చుండిపోయింది. పన్నెండు ఎప్పుడవుద్దండీ అని నన్ను అడిగింది.

ఏప్రిల్ 28, సోమవారం, ఉదయం 11.40

నాన్న అందరినీ రన్‌వే మీద నిలబెట్టి నాకోసం చూస్తున్నారట. ఎలీషా ఆటో గుమ్మం ముందుంది.

తాయెత్తు విప్పి అమ్మకి కనబడేలా దేవుడి గూట్లో పెట్టాను.

పన్నెండింటికి నాకు దొర కనబడతాడు.